మూడు దెబ్బలు, ఒక మాట

మట్టిముద్ద మీద లేజర్ కిరణం వెంట్రుకవాసి జరిగింది. స్పీకర్‌లో మూడు దెబ్బలు వినిపించాయి. వెనకే ఒక గొంతు: "ఉన్నాం."

ఆ యంత్రానికి డాక్టర్ మృణాళిని మట్టిచెవి అని పేరు పెట్టింది. సూత్రం చిన్నదే. తడి బంకమట్టి ఆరేటప్పుడు దగ్గరి శబ్దాలకు వణుకుతుంది. ఆ వణుకు గీతలుగా మిగిలిపోతుంది. గ్రామఫోన్ ముల్లు రికార్డును చదివినట్టు లేజర్ వాటిని చదువుతుంది. ఈ మట్టి నల్లగుట్ట ఏడో నంబర్ బొగ్గుగనిది. నాలుగేళ్ల క్రితం అక్కడ పైకప్పు కూలి పదకొండుమంది పోయారు. ఎవరూ బతికి లేరని తొలిరోజే వెతుకులాట ఆపేశారు. మట్టి మాత్రం మూడు రోజులు ఆ మాట విన్నది.

రికార్డింగ్ విన్నవాళ్లలో నిషాంత్ ఒకడు. 'తుప్పు' అనే బ్యాండు గాయకుడు. అప్పటికి ఆ పేరు వాళ్ల కాలేజీ గేటు దాటలేదు. అతను నిజంగానే ఏడ్చాడు. ఏడ్చిన వారంలోనే పాట కట్టాడు. మూడు దెబ్బలు డ్రమ్ములకు, "ఉన్నాం" పల్లవికి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఇక్కడ అడిగినవాడూ ఏడ్చాడు, అంతే తేడా.

పాట విడుదలకు ముందు పోశక్క స్టూడియోకు వచ్చింది. ఆ పదకొండుమందిలో ఒకడైన ఓదెలు భార్య.

"పాడుకో బిడ్డా, వద్దంటలేను. గా మూడు దెబ్బలు, గా మాట మాత్రం తియ్యి."

"అదే కదమ్మా పాటకు ప్రాణం."

"మాకూ గదే పానం. బొగ్గుబాయిల ఇరుక్కున్నోడు ఒర్లడు, ఊపిరి అయిపోతది. బండ మీద మూడు దెబ్బలు కొట్టి ఉన్నాం అంటడు. ఒక్కడే మిగిలినా గట్లనే అంటడు, పక్కోన్ని ఇడిసిపెట్టొద్దని. నా తమ్ముడు రాయలింగు ఇంకా బాయిల్నే దిగుతుండు."

"దేశమంతా ఈ మాట పాడితే ఇంకెవరూ మిమ్మల్ని వదిలెయ్యలేరమ్మా," అన్నాడు నిషాంత్.

సగం నిజమైంది. పాట పెళ్లి బరాతుల దాకా పాకింది. జనం నిలదీస్తే ప్రతి గనిలోనూ అప్పటికప్పుడే వినే కొత్తరకం మట్టిచెవి బిగించారు. మూడు దెబ్బలు, ఆ మాట వినబడితే సైరన్ మోగుతుంది. అయితే కార్మికులకూ పాట నచ్చింది. టిఫిన్ డబ్బా మీద దరువేసి ఎవడో ఒకడు పాడటం, సైరన్ మోగటం, అందరూ పైకి పరుగెత్తటం. విసిగిన మేనేజర్ అడిగితే మృణాళినే ఫిల్టర్ రాసింది. రాగం కలిస్తే అది పాట, పట్టించుకోనక్కర్లేదు.

వేలసార్లు విన్న పాట గొంతులో స్థిరపడిపోతుందని, పిలుపు కూడా ఆ రాగంలోనే వస్తుందని ఆమెకు తట్టలేదు.

పాటకు ఏడాది నిండిన నెలలో ఏడో నంబర్‌లో మళ్లీ కప్పు కూలింది. లోపల రాయలింగు, మరో ఆరుగురు. యంత్రం ఎవరూ లేరంది. వెతుకులాట ఆగింది. మూడో రోజు పొద్దున నిషాంత్ గేటు దగ్గర నివాళిగా అదే పాట ఎత్తుకున్నాడు.

పోశక్క అక్కడున్న గని ఆఫీసర్‌ను అడిగింది. "లోపట ఏం ఇనొస్తలేదా సారూ?"

"యంత్రం మూడు రోజులుగా పాట అనే చూపిస్తోందమ్మా. పాపం, ఎవరి ఫోనో మోగుతూనే ఉంది."

"బాయిలకు ఫోన్లు తీస్కపోనియ్యరు గద సారూ."

ఆఫీసర్ పరుగున వెళ్లి ఫిల్టర్ తీయించి స్పీకర్ పెట్టించాడు.

రెండు దెబ్బలు వినిపించాయి. అందరూ మూడోదాని కోసం ఎదురుచూశారు.