మిట్టమధ్యాహ్నపు వెన్నెల

రెండు కళ్లకూ శుక్లాలు తీయించుకుని, అవి కుదుటపడేదాకా కూతురింట్లో ఉండి, డ్రాయింగ్ టీచరమ్మ ముందురోజు రాత్రే ఇల్లు చేరింది. పొద్దున్నే టీ కప్పుతో హాల్లోకి వచ్చి, గోడమీద తను వేసిన బొమ్మ చూసి, కప్పు బల్లమీద పెట్టేసింది.

ఎండలో వెలిగిపోయే పల్లెటూరని వేసిన బొమ్మ అది. ఇళ్ల కప్పులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. దారీ తెలుపే. నీడలన్నీ నీలం. మసక కళ్లకు లోకమంతా పసుప్పచ్చగా కనబడే రోజుల్లో, ఎండకు తెల్లరంగే చాలనుకుంది మరి!

"ఏమండీ! ఒకసారి ఇటు తగలడండి."

రిటైరైన బస్సు డ్రైవరు ఆయన. సగం గడ్డం నురగతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? కళ్లు మండుతున్నాయా?"

"ఒళ్లు మండుతోంది. ఈ బొమ్మలో ఇప్పుడు పగలా, రాత్రా?"

ఆయన తువ్వాలుతో నురగ తుడుచుకోసాగాడు. ఆఫీసుకు బయల్దేరుతున్న కోడలు అడ్డం పడబోయింది. "అత్తయ్యా, ఎండ భలే..."

"నువ్వాగమ్మా! నీ భలేలు చాలా విన్నాను."

"నేను చెప్పేద్దామనే అన్నాను. మామయ్యగారే వద్దన్నారు," అంటూ కోడలు చల్లగా జారుకుంది.

"ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల బొమ్మలు దిద్దాను. బాగోలేకపోతే బాగోలేదనే చెప్పాను. నాకు చెప్పడానికి మీకు నోరు రాలేదా? పైగా ఎదురింటివాళ్లను పిలిచి మరీ చూపించారు! నా వెనక ఎంత నవ్వుకున్నారో!" పటం దించి ఆయన చేతిలో పెట్టింది. "దీన్నీ, బల్లకింది రంగుల పెట్టెనీ అటకెక్కించండి. ఇక జన్మలో కుంచె పట్టను."

"ఈ మాట అంటావనే చెప్పలేదు," ఆయన గొంతు పెరిగింది. "సూదిలో దారం ఎక్కలేదని ఏడ్చావు. పాలు గ్లాసు పక్కన పోసి ఏడ్చావు. ఈ బొమ్మ ముందు కూర్చున్నంతసేపే నువ్వు నువ్వులా ఉండేదానివి. అదీ లాక్కోమంటావా?"

ఆవిడ కుర్చీలో కూలబడింది. కోపం పోలేదు కానీ, దాన్ని ఎవరిమీద చూపాలో తెలియలేదు.

"ఇప్పుడైనా నిజం చెప్పండి. మీకేం కనిపించింది?"

"మొదట్నుంచీ వెన్నెలే. ఆ చెట్టుకింద ఉన్నవి గేదెలనుకున్నాను. బండరాళ్లని నువ్వు చెబితే తెలిసింది."

ఆవిడకు ఏడుపులోనే నవ్వు తన్నుకొచ్చింది. కళ్లు తుడుచుకుని రంగుల పెట్టె ముందుకు లాక్కుంది. "సరే. మొత్తం చెరిపి మళ్లీ వేస్తాను."

ఆయన గబుక్కున బొమ్మ మూలన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈ ఇల్లు మాత్రం ఉంచు."

"అదే అన్నిటికన్నా ఘోరంగా ఉంది!"

"ఉండనీ. అది వేసిన రోజు నువ్వు కూనిరాగం తీశావు."

ఆవిడ పటం ఒళ్లో పెట్టుకుని కుంచె అందుకుంది. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని ఆయన చూసింది తననేనని అప్పుడర్థమైంది. ఆ ఇంటిని అలాగే వదిలేసి, దాని ముందున్న దారిమీద పసుపు ఎక్కించడం మొదలుపెట్టింది.