కంపు కొట్టని గంధకం

కోలారు బస్టాండు హోటల్లో ఒక మనిషి కాఫీ సగం తాగి, గ్లాసు కింద పెట్టకుండానే ఒరిగిపోయాడు. ముఠాలో అతని పేరు నత్రజని.

ఆ మధ్యాహ్నం కురుడుమలె వినాయకుడి గుడి బయట గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ నంజుండప్ప టెంకాయలమ్మే ముసలాయన వేషంలో కూర్చున్నాడు. ఏజెంట్ గంగమ్మ వచ్చి టెంకాయ ఒకటి తీసి ఊపి చూసింది.

"గుడ్డు ఉడికిందా?" అన్నాడు చీఫ్.

"సొన ఇంగా పచ్చిగానే ఉండాది. గుడి ముందర గుడ్ల మాటేంది సార్? వేరే కోడ్ దొరకలేదా?"

"ఆపరేషన్ పేరే ప్రొటీన్ గదమ్మా, ఏం చేసేది." ఆయన గొంతు తగ్గించాడు. "విదేశీ ముఠా. ప్రొటీన్‌లో ఉండే ఐదు మూలకాలే వాళ్ల పేర్లు. కర్బనం, ఉదజని, ఆమ్లజని జైల్లో ఉండారు. నత్రజని నోరు తెరిచేలోగా వాళ్లోళ్లే చంపేసినారు. మిగిలింది గంధకం. ఆడో మగో కూడా తెలీదు."

"వాళ్లకేం కావల్ల?"

"సర్కారు చేతికొచ్చిన గనులు మూతపడల్ల. బంగారం తీసే మిల్లులో సయనైడ్ డబ్బా ఒకటి మాయమైంది. రేపు ఊరిగాం బళ్లో పిల్లోళ్లకు ప్రొటీన్ పాలు పోస్తారు. ఆ పాలల్లో కలిపితే, మిల్లు విషం పిల్లోళ్లను చంపిందని ఊరు ఊరంతా తిరగబడతాది."

గంగమ్మ చేతిలో టెంకాయ చల్లగా తగిలింది. ఆమె కూతురు జయ చదివేది ఆ బళ్లోనే.

"పాలు పోసేది ఆపేయండి సార్."

"ఆపితే గంధకం తప్పించుకుంటాది. ఇంగో బడి చూసుకుంటాది. వంటమనిషి వేషంలో నువ్వుంటావు, పోషకాహార ఆఫీసరు వేషంలో మన లీనా ఉంటాది. ఆ ముగ్గురినీ పట్టిచ్చింది ఆమే గదా. భయపడొద్దు."

గంగమ్మకు భయపడొద్దని చెప్పడం కప్పకు తడవొద్దని చెప్పడం లాంటిది.

బస్సు బేతమంగళ దాటుతుండగా భర్త రామాంజినప్ప మళ్లీ గుర్తుకొచ్చాడు. ఆయన మిల్లులో కెమిస్టు, డిపార్ట్‌మెంట్ మనిషి. శాంపిల్ రాళ్ల కోసం గనిలోకి దిగినవాడి మీద కొండే కూలింది. పైకి తెచ్చినప్పుడు దుప్పటి బయట కనిపించింది చెయ్యి ఒక్కటే. ఆ చేతి వేళ్ల మీదే ఆయన జయకు మూలకాలు నేర్పేవాడు. చిటికెనవేలు గంధకం. "ఉండేది ఇంతే, కంపంతా దీనిదే" అని నవ్వించేవాడు. ఒకసారి మాత్రం నవ్వకుండా గంగమ్మతో అన్నాడు: "సయనైడ్‌లోనూ ఆ కర్బనమూ నత్రజనే గంగా. బిడ్డను పెంచేవే బిడ్డను చంపగలవు."

ఆయన పోయినప్పటి నుంచి జయకు ముద్ద పెట్టినప్పుడల్లా దుప్పటి బయటి ఆ చెయ్యి కూడా కంచం పక్కన ఉన్నట్టే ఉంటుంది ఆమెకు.

మరుసటి ఉదయం బడి వరండాలో పాల డ్రమ్ము ఆవిర్లు కక్కుతోంది. గంగమ్మ తన గాజులో దాచిన పసుపు కాగితాన్ని ఆవిరికి పట్టింది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కాగితం అది, సయనైడ్ తగిలితే ఎర్రబడుతుంది. పసుపుగానే ఉంది.

లీనా కారు దిగింది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, వరండా అంతా సెంటు.

"ఏమమ్మా, అట్ల చూస్తావు?" అని నవ్వింది. "నేనూ ఈ గని కూలీల లైన్లలో పుట్టినదాన్నే. మా నాయన గనిలో దిగినోడే."

పెద్ద వంటామె దొడ్డమ్మ మూతి తిప్పింది. "అట్లయితే ఆ గరిటె పట్టు తల్లీ. చీర నలగదులే."

లీనా గరిటె పట్టలేదు. సంచిలోంచి ప్రొటీన్ పొడి తీసి తన చేత్తోనే డ్రమ్ములో కలిపింది. పిల్లలు లోటాలతో వరస కట్టారు. అందరికంటే ముందు జయ, పాలు మొదట నిండింది ఆమె లోటాలోనే.

అప్పుడు నేల అదిరింది.

లోతున రాయి బరువుకు పగిలినప్పుడల్లా ఇక్కడ అంతే. గిన్నెలు గలగలమన్నాయి, సున్నం రాలింది. గని ఊళ్లో ఎవరూ కప్పు వంక చూడరు. ఎవరి మనిషి లోపలున్నాడో ఆ షాఫ్టు మీది చక్రం వంక చూస్తారు. పైన చక్రం తిరిగితే మనుషులు పైకి వస్తున్నట్టు. దొడ్డమ్మ చూసింది. టీచర్లు చూశారు. లోటాలు పట్టుకున్న పిల్లలు కూడా అటే తిరిగారు. లోపల తనకెవరూ లేరని తెలిసినా గంగమ్మ మెడ అటే తిరిగింది.

లీనా ఒక్కతే తల మీద చేతులు పెట్టుకుని బల్ల కిందికి దూరింది.

గని ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ మెడ తిరక్కుండా ఉంటుందా?

గంధకం ఈమేనని గంగమ్మకు తెలిసిపోయింది. ముగ్గురిని పట్టిచ్చింది మన నమ్మకం కొనడానికే. చక్రం మళ్లీ తిరుగుతోంది, జయ నిమ్మళించి లోటా పెదవులకు ఎత్తుతోంది. గంగమ్మ విసిరిన గరిటె లోటాకు తగిలి పాలు నేలపాలయ్యాయి.

"ఎవరూ తాగొద్దు. లోటాలు కింద పెట్టండి."

పసుపు కాగితం మళ్లీ డ్రమ్ము మీద పట్టింది. చూస్తుండగానే కుంకుమలా ఎర్రబడింది. తన నుదుట చెరిపేసిన రంగు, తన బిడ్డ పాలల్లో.

లీనా బల్ల కింది నుంచి లేచింది. చేతిలోని లిప్‌స్టిక్ మూత తీస్తే అది తుపాకీ. "దారి వదులు" అంది.

వెనకనుంచి దొడ్డమ్మ రాగిముద్ద కెలికే తెడ్డు లీనా మణికట్టు మీద పడింది. తుపాకీ దొర్లిపోయింది.

"గరిటె పట్టమంటే పట్టకపోతివి" అంది దొడ్డమ్మ.

సాయంత్రం నంజుండప్ప ఇంటికొచ్చాడు. ఆయన ముఖంలో నెత్తురు లేదు. "ఆమెను నమ్మింది నేనమ్మా. నీకు మాత్రం ఇంత అనుమానం యాడనుంచి వచ్చింది?"

"కాన్పుతో పాటే వచ్చింది సార్."

ఆయన వెళ్లాక జయకు గుడ్డు ఉడకేసి ఒలిచింది. జయ ముక్కు మూసుకుంది.

"కంపు కొడతాదమ్మా."

"గంధకమే. కొట్టనీ, మంచిదే. సెంటు పూసుకున్న గంధకంతోనే మనకు చావొచ్చేది."

అంది గానీ మనసొప్పక, ముందు తానే ఒక ముక్క కొరికి, కాసేపు ఆగి చూసింది.