జయంతి నాయనా!

పరగడుపున వేసుకోవలసిన మాత్ర, చెంబుడు నీళ్లు గడప దగ్గర పెట్టి నల్లప్ప వెనక్కి జరిగాడు. లోపల మంచం మీద భార్య రామాంజినమ్మ లేచి కూర్చుంది. మెడ మీద ఆపరేషన్ గీత ఇంకా ఎర్రగానే ఉంది. థైరాయిడ్ క్యాన్సర్ గడ్డ తీసేశాక బెంగళూరులో రేడియేషన్ ఉండే అయోడిన్ మందు ఇచ్చి, కొన్నాళ్లు ఎవరికీ దగ్గరగా ఉండొద్దని పంపించారు.

"రాగిముద్ద చేసేదా?" అని అడిగాడు.

ఆమె పెదవులు కదిలాయి. మాట వినిపించలేదు. "ఏమంటివి?" అంటూ ముందుకు రాబోయాడు.

"ఆడనే ఉండు నాయనా," అంది గుంతకల్లు నుంచి వచ్చి, కిటికీ బయట నిలబడి తల్లి పెదవులు చూస్తున్న కూతురు జయంతి. "ఆకలి లేదంటాంది."

"గొంతు మల్లా వస్తాదా పాపా?"

"రాదంట. మాట నరాన్నే పట్టుకునింది గడ్డ. పోయినేడు గొంతు బొంగురుపోయినప్పుడే చూపించమంటి కదా. నువ్వేమంటివి?"

"చెనిక్కాయ దుమ్మంటి," అన్నాడు తల వంచుకుని. "కాయ కొట్టేటప్పుడు నాకూ గొంతు పట్టుకునె..."

"నీది నాలుగు దినాలకు పోయె. అమ్మది పోయెనా?"

మొగుడి పేరు పలకకూడదు కాబట్టి జయంతి పుట్టినప్పటి నుంచీ రామాంజినమ్మ గట్టు మీద నిలబడి "జయంతి నాయనా!" అని అన్నానికి కేకేసేది. రెండు చేలు దాటి వినిపించేది ఆ కేక. పోయినేడు అది ఆగిపోయింది. పాపం, ఎండలో వేరుశనగ చేనంతా నడిచొచ్చి చెయ్యి ఊపి పిలిచేది.

"అరిస్తే నోట్లో ముత్యాలు రాల్తాయా?" అని నల్లప్ప కూలీలందరి ముందూ ఎగతాళి చేశాడు. అందరితో పాటు ఆమె కూడా నవ్వేసింది.

ఆ నవ్వు తలుచుకుంటూనే ఇప్పుడు చేనికి పోయాడు. గుంటక తోలుతున్నాడే గానీ చెవులు ఇంటివైపే ఉన్నాయి. ఎండ నడినెత్తికి రాకముందే ఎద్దుల్ని విప్పేసి ఇంటికొచ్చి, గడపకు దూరంగా వాకిట్లో కూలబడ్డాడు.

"ఏం నాయనా, అప్పుడే వస్తివి?" అంది జయంతి.

"మీయమ్మ పిలిచె."

జయంతి తల్లి ముఖం వైపు చూసింది. రామాంజినమ్మ కళ్లు నిండిపోయాయి. ఆమె గట్టు మీద నిలబడినట్టే తలెత్తి, రెండు మాటలు పెదవులతో పలికింది. చప్పుడు రాలేదు.

ఈసారి ఏమన్నావని నల్లప్ప అడగలేదు.

"వస్తి, వస్తి," అన్నాడు ఏడుస్తూ.