దిగకు అన్న గొంతు

ఆ సెల్లార్ గదికి మంచి పేరు లేదు.

పాత మేడ కింద ఉండేది. వీధిలోంచి ఇరుకు మెట్లు దిగితే ఇనుప తలుపు, తలుపు తీస్తే గది. వాన పడ్డ సాయంత్రాలు ఆ మెట్ల దగ్గర నిలబడితే లోపలినుంచి ఎవరో గోడ తడుతున్నట్టు వినిపించేదట. టక్... టక్... కాసేపు ఆగి, మళ్లీ టక్. గోడ మీద చెయ్యి పెడితే చల్లగా, చెమటపట్టిన ఒంటిని ముట్టుకున్నట్టు ఉండేదట. అంతకుముందు అక్కడ వాచీలు బాగుచేసే ఆయన ఉండేవాడు. ఓ వానాకాలం మధ్యలో, బల్ల కూడా వదిలేసి వెళ్లిపోయాడు. ఎందుకని అడిగితే, "లోపల ఎవరో ఉన్నారు" అన్నాడు. అంతే... ఇంకో మాట చెప్పలేదు.

తర్వాత ఆ గదిలోకి దిగింది మా పెదనాన్న.

ఆయన పుస్తకాలు బైండు చేసేవాడు. దెయ్యాల మాటలంటే ఆయనకి నవ్వు. "ఉంటే మంచిదే కదా, రాత్రిళ్లు కాపలాకి మనిషి అక్కర్లేదు," అని ఆ గదిలోనే షాపు పెట్టాడు. వాచీలాయన వదిలేసిన బల్ల మీదే అట్టలు కోసేవాడు. వాన పడి గోడలో చప్పుడు మొదలైతే, "ఎవరూ... లోపలికి రండి, తలుపు తీసే ఉంది" అని గోడతో పరాచికాలాడేవాడు.

ఇదంతా నాకు పెద్దమ్మ చెప్పింది. ఆమె చెబుతున్నంతసేపూ పెదనాన్న పక్కగదిలోనే ఉన్నాడు. వింటూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

గోడ నానుతోందని పెద్దమ్మ చాలాసార్లు చెప్పింది. రంగు పొక్కులు లేచి రాలుతోంది, కాగితాలు ముక్కిన వాసన వేస్తున్నాయి, కోత మిషన్ స్విచ్‌బోర్డు అదే గోడకి నేల దగ్గరగా ఉంది... ఎవరినైనా పిలిచి చూపించమంది. ఆయన వినలేదు. ఓ డబ్బా రంగు తెచ్చి తనే పూసేశాడు. గోడ మళ్లీ కొత్తదానిలా మెరిసింది. "చూశావా, దెయ్యానికి కొత్త చీర కట్టాను," అన్నాడు.

ఆ ఏడాది లైబ్రరీవాళ్లు పాత పుస్తకాలు బైండింగుకిచ్చారు. మళ్లీ ఎక్కడా దొరకనివి. కట్టలు కట్టి కిందే, నేల మీదే పేర్చాడు.

ఓ రోజు మధ్యాహ్నంనుంచి వాన పట్టుకుంది. పెద్దమ్మ వాళ్ల చెల్లెలి ఇంట్లో ఉంది, మర్నాడు గాని రానని చెప్పి వెళ్లింది. పెదనాన్న అట్టల కోసం ఊరి అవతలికి వెళ్లి, చీకటి పడుతుంటే తిరిగొచ్చాడు. తడిసి ముద్దయ్యాడు. షాపు ఎలా ఉందో చూద్దామని మెట్లు దిగబోయాడు.

తలుపు ఓరగా తీసి ఉంది.

పొద్దున తాళం వేసిన గుర్తు. లోపల బల్బు వెలగడం లేదు. కింది మెట్లు కనిపించడం లేదు... వాటిమీద నల్లగా ఏదో కదులుతోంది. వంగి చూశాడు. నీళ్లు. నీళ్ల మీద అట్టముక్కలు తేలుతున్నాయి.

టక్... టక్...

ఎన్నోసార్లు విన్న చప్పుడే. కానీ ఆ రోజు అది గోడలోంచి రావడం లేదు. గది మధ్యలోంచి వస్తోంది.

పెదనాన్న మెట్ల మీద అలాగే ఉండిపోయాడు. చప్పుడు ఆగింది. ఆగిన చోటునుంచే గొంతు వచ్చింది. ఆడగొంతు కాదు, మగగొంతు కాదు... నీళ్లలో నానిపోయినట్టు, బొంగురుగా.

"ది... గ... కు."

అంతే. అట్టల కట్ట ఎక్కడ పడేశాడో, కాళ్లకి పరుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకి తెలీదు. వెనకనుంచి ఆ గొంతు ఇంకా ఏదో అంటూనే ఉంది. ఆయన వినదలుచుకోలేదు. రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న టీకొట్టు పంచలో బెంచీ మీద కూలబడ్డాడు.

కొట్టులో పెద్దావిడ ఆయన మొహం చూసింది. "ఏం నాయనా, అలా అయిపోయావేం?"

"ఏం లేదు. వానలో పరిగెత్తుకొచ్చాను."

ఆవిడ టీ ఇచ్చింది. వీధి వీధంతా తను ఎంతమందిని ఎగతాళి చేశాడో ఆయనకి ఒక్కటొక్కటే గుర్తొస్తోంది. వాచీలాయన్ని కూడా. రేపు మేడవాళ్లకి తాళం తిరిగిచ్చేసి, గాలి ఆడటం లేదనో వెలుతురు చాలడం లేదనో చెబుదామనుకున్నాడు. టీ ఊదుకుంటూ తాగాడు. పూర్తిగా తాగాడు.

ఖాళీ గ్లాసు తీసుకుంటూ పెద్దావిడ అడిగింది.

"ఇందాక మీ ఆవిడ గొడుగేసుకొచ్చి, ఇంటి దగ్గరి తాళంచెవితో తలుపు తీసుకుని కిందికి దిగింది కదా. పుస్తకాలు తడుస్తాయేమో అంటూ. పైకొచ్చిందా మరి?"

పెదనాన్న అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు.

మెట్లు దూకుతూ దిగాడు. నీళ్లకి పై మెట్టు దాకా వచ్చాడు. కాలు ఎత్తాడు... ఎత్తిన కాలు గాల్లోనే ఆగిపోయింది. 'దిగకు.' అప్పుడు బుర్రలో వెలిగింది. బల్బు లైను వేరు, మిషన్ లైను వేరు. బల్బు ఆరిపోయినంత మాత్రాన స్విచ్‌బోర్డులో కరెంటు పోయినట్టు కాదు. ఆ బోర్డు ఇప్పుడు నీళ్లలో ఉంది.

మీటరు పైన, మేడ గుమ్మం పక్కన ఉంది. అక్కడ తడి లేదు. టీకొట్టావిడ పొడి చెక్కపీట తెచ్చి పడేసింది. దాని మీద నిలబడి, ఆవిడ తువ్వాలుతో చేతులు తుడుచుకుని మెయిన్ దించేశాడు. మేడంతా చీకటైంది. పై అంతస్తులో ఉండే కరెంటాయన గొణుక్కుంటూ దిగివచ్చి, సంగతి విని, టెస్టరు పెట్టి చూసి, "ఇప్పుడు దిగచ్చు," అన్నాడు.

టార్చి వేస్తే... పెద్దమ్మ బల్ల మీద ముడుచుకుని కూర్చుని ఉంది. లైబ్రరీ పుస్తకాల కట్ట ఒళ్లో పెట్టుకుంది. చేతిలో ఇనుప స్కేలు. అరిచి అరిచి గొంతు పోయాక, ఆ స్కేలుతో బల్ల మీద కొడుతూ ఉందట.

వీధిలో జనం పోగయ్యారు. "బుర్రున్న మనిషి. ఇంకోడైతే గబుక్కున నీళ్లలోకి దిగేవాడు, ఇద్దరూ పోయేవాళ్లు," అన్నాడు కరెంటాయన. అందరూ అవునన్నారు. పెదనాన్న తలెత్తలేదు. పాపం, కంగారులో ఉన్నాడనుకున్నారు.

తర్వాత అన్నీ పద్ధతిగానే చేశాడు. డ్రైనేజీ కూడా కలిసిన నీళ్లు కాబట్టి రబ్బరు బూట్లు, చేతులకి తొడుగులు లేకుండా ఎవర్నీ దిగనివ్వలేదు. నీళ్లు తోడించాడు. గోడ ఆరి, వైర్లన్నీ మార్చేదాకా కరెంటు ఇవ్వనివ్వలేదు. నానిన అట్టలూ జిగురూ బయట పారేశాడు. తడిసిన పుస్తకాల పేజీల మధ్య తెల్లకాగితాలు పెట్టి, ఇంట్లో ఫ్యాను కింద పరిచాడు. దక్కనివాటిని సంచిలో వేసుకుని లైబ్రరీకి తనే వెళ్లి, తప్పు నాదేనని చెప్పొచ్చాడు.

గోడ పెచ్చులు కొట్టిస్తే లోపల పాత నీళ్ల పైపు బయటపడింది. బిగింపు ఊడి, పైవాళ్లు కుళాయి తిప్పినప్పుడల్లా ఇటుకకి కొట్టుకుంటోంది. టక్, టక్. వాన రోజుల్లో వీధి సద్దుమణిగి చప్పుడు బాగా వినపడేది. ఏళ్ల తరబడి కారుతున్న పైపు ఆ రోజు పగిలింది. "ఇదిగోనయ్యా, నీ దెయ్యం," అని ప్లంబరు తుప్పుపట్టిన ముక్క చేతిలో పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెదనాన్న నవ్వలేకపోయాడు.

ఆ పూట అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడట.

"ఏమైంది?" అంది పెద్దమ్మ. అప్పటికామె గొంతు కాస్త తేరుకుంది.

"ఆ రోజు నేను ముందే ఒకసారి వచ్చాను."

పెద్దమ్మ గరిటె కింద పెట్టింది.

"నీ గొంతు విన్నాను. నువ్వని తెలీలేదు. ఇన్నేళ్లు కాపురం చేసి... నీ గొంతు నాకు తెలీలేదు. దెయ్యమనుకుని పారిపోయాను." ఆగాడు. కంచం పక్కకి జరిపాడు. "టీ తాగాను. నువ్వక్కడ ఉంటే, నేను కూర్చుని టీ తాగాను."

ఆమె తిడుతుందని ఆయన ఎదురుచూశాడు. ఆమె ఇంకేదో అడిగింది.

"ఏమన్నానని విన్నారు?"

"దిగకు అన్నావు. అదే కదా కాపాడింది. రెండోసారి కూడా ఆ మాటే గుర్తొచ్చి ఆగాను."

పెద్దమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను ఆ మాట అనలేదండీ."

ఆయన తలెత్తి చూశాడు.

"చెప్పుల చప్పుడు వినగానే మీరేనని తెలిసిపోయింది. కట్టలు ఎత్తుతుంటే నీళ్లు ముంచుకొచ్చాయి, కాలు కదిపితే జిల్లుమని షాకు కొట్టింది, అందుకే బల్లెక్కాను. దిగినవాళ్లు బతకరని నాకు తెలుసు. తెలిసి కూడా... 'రండి, దిగి రండి' అనే పిలిచాను. మీరు వెళ్లిపోతుంటే కూడా పిలుస్తూనే ఉన్నాను. మీరేమైపోతారన్న ఆలోచనే రాలేదు నాకు. నన్ను తీసుకెళితే చాలనిపించింది."

ఆ తర్వాత వాళ్లిద్దరూ దాని గురించి మళ్లీ మాట్లాడుకోలేదట. తన భయమే ఆ మాట వినిపించిందని పెదనాన్న అనుకుంటాడు. పిరికివాడి చెవికి 'దిగి రండి' కూడా 'దిగకు' లాగే వినపడుతుందని.

నేను పెద్దమ్మని అడిగాను. "నువ్వేమనుకుంటావు?"

ఆమె పక్కగది వైపు చూసింది. అక్కడ అలికిడి లేదు. గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"నాకు తెలీదురా. బల్ల మీద నేను ఒక్కదాన్నే ఉన్నాను... ఉన్నాననే అనుకున్నాను. ఎవరైనా కానీ, ఆ పూట మీ పెదనాన్న మీద నాకు లేని దయ దానికి ఉంది."