ఒక శాతం ఆక్సిజన్

"ఆ పెట్టె శత్రువు చేతికి పోతే, లోపలున్న మూలకణాలు చచ్చిపోవాలి," అన్నాడు చీఫ్. "అవి ఒక శాతం ఆక్సిజన్‌కే అలవాటుపడ్డవి, స్వచ్ఛమైన ఆక్సిజన్ ఒక్కసారి గుప్పిస్తే చాలు."

"సార్, అవి మా అక్క గుండెకి ఎక్కించాల్సినవి."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా. నీకంటే జాగ్రత్తగా ఎవరు చూస్తారు?"

కసాయివాడికైనా కాస్త మొహమాటం ఉంటుంది. చీఫ్‌కి అదీ లేదు.

ఏజెంట్ గ్యాస్ సిలిండర్లు మార్చేవాడి వేషంలో, ఆ కణాల్ని పెంచే ల్యాబ్‌లో దూరాడు. ఉక్కు పెట్టె మీటర్ ఒక శాతం ఆక్సిజన్ చూపిస్తోంది. పెట్టె అడుగున వేలెడంత ఆక్సిజన్ గొట్టం బిగించాడు. దాని మీట జేబులోని పెన్నులో ఉంది.

"వేషం బాగుంది," అంది వెనక నుంచి డాక్టరమ్మ. తెల్లకోటు, ఎర్ర లిప్‌స్టిక్, చేతిలో పిస్టల్. చీఫ్ ఇచ్చే జీతం తింటూ పరాయి ముఠాకి పనిచేసే డబుల్ ఏజెంట్. "వీటిని హాయిగా గాలి పీల్చుకోనిస్తే బద్ధకంగా పడుంటాయి. ఊపిరి సలపకుండా చేస్తేనే గుండెని కాపాడే మందు కక్కుతాయి. మనుషులూ అంతే."

"మీరు కాపాడేది ఎవరి గుండె?"

"మా ముఠా పట్టుకున్న ఖైదీలది. చిత్రహింస మధ్యలో చచ్చిపోతే నిజాలెవరు చెప్తారు? మీవాళ్ళే ముగ్గురున్నారు అక్కడ." పెట్టె అందుకుంది. "నువ్వు నోరు మూసుకుంటే సగం మీ అక్కకి. సాయంత్రం నేనే తెచ్చి ఎక్కిస్తా. ఇంకో బ్యాచ్‌కి మూడు వారాలు పడుతుంది. ఆవిడకంత టైమ్ లేదుగా."

ఆవిడ అబద్ధమాడటం లేదు. అదే అతని ప్రాణం తోడేసింది. అమ్మ పోయాక తన ఒళ్ళో పెట్టుకుని పెంచిన అక్క! అతను తలూపాడు.

బయట కాచుకున్న ముఠావాడి కారు పెట్టెతో, డాక్టరమ్మతో గేటు వైపు కదిలింది. గేటు దాటితే పెన్ను సిగ్నల్ అందదు. కణాలు అక్కడికి చేరితే ఆ ముగ్గురి చిత్రహింసకి అంతుండదు. వాళ్ళ ముఖాలు అతనెప్పుడూ చూడలేదు. అక్క ముఖం చూశాడు, రోజూ.

ముందు చక్రాలు గేటు దాటుతుండగా, "క్షమించక్కా," అని పెన్ను నొక్కాడు.

కారు ఆగింది. మీటర్ ముల్లు తొంభై దాటడం చూసి, ఆవిడే మోసం చేసిందనుకున్నాడు కాబోలు ముఠావాడు, లోపల రెండు తుపాకీ చప్పుళ్ళు వినిపించాయి. డాక్టరమ్మని తలుపులోంచి బయటికి తోసి, చచ్చిన కణాలతో కారు వెళ్ళిపోయింది. ఆవిడ గాలి కోసం నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది.

మర్నాడు చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్. ఇంతకీ మీ అక్కకెలా ఉంది?"

అతను వార్డు అద్దంలోంచి అక్క ముఖం మీది మాస్కు చూశాడు.

"ఆక్సిజన్ పెట్టారు సార్. కావలసినంత."