వెనక్కి నడిచే చోటు

లోకంలో అందరూ ఒంట్లో బాగాలేదని రాయించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్తారు. నేను బాగానే ఉన్నానని రాయించుకోవడానికి వెళ్ళాను. నిజానికి ఒంట్లో బాగాలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "మొన్ననే కదా సెలవుకి సర్టిఫికెట్ రాసిచ్చాను. అప్పుడే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలా?"

తగ్గిపోయిందని చెప్పాను. తల తిరగడం లేదా అంటే అస్సలు లేదన్నాను.

"సరే. కళ్ళు మూసుకుని ఆ తలుపు దాకా తిన్నగా నడువు బాబూ."

నడిచాను. తిన్నగానే వెళ్తున్నానని నా నమ్మకం. కళ్ళు తెరిచి చూస్తే తలుపు ఎక్కడో ఉంది, నేను పక్కనున్న పరదాని కావలించుకుని ఉన్నాను. పరదా అవతల బరువు చూసుకుంటున్న ఒక పెద్దాయన నన్ను అనుమానంగా చూశాడు.

నా తొందర అర్థం కావాలంటే మా పని గురించి కాస్త చెప్పాలి. మాది అద్దాల వర్క్‌షాపు. షాపుల ముందు పెట్టే నిలువెత్తు అద్దాలు కోసి, అంచులు అరగదీసి, లారీకి ఎక్కిస్తాం. అద్దానికి ఆ చివర నాకు జోడీగా పనిచేసే అమ్మాయి, ఈ చివర నేను. ర్యాకుల మధ్య దారి ఇరుకు కాబట్టి ఒకరు వెనక్కి నడవాల్సిందే. వెనక్కి నడిచే మనిషికి దారి కనిపించదు. ఎదుటివాళ్ళు "మెట్టు", "కుడికి", "ఆగు" అని చెప్పుకుంటూ పోతే ఆ మాటల్ని బట్టి అడుగు వెయ్యాలి.

వెనక్కి నడిచే ఆ చోటు తనది. కష్టమైన వైపు కదా, మార్చుకుందాం అని ఎన్నిసార్లు బతిమాలానో లెక్కలేదు. "నా చోటు నేనెవరికీ ఇవ్వను" అనేది. అలా రోజంతా నా మొహంలోకి చూస్తూ వెనక్కి నడిచేది. నేనేమో దారి చూడాల్సిన కళ్ళతో తననే చూస్తూ ఉండిపోకుండా నానా తంటాలు పడేవాణ్ణి.

ఒకరోజు అద్దం చేతిలో ఉండగా గోడలు గిర్రున తిరిగాయి. పళ్ళ బిగువున నిలదొక్కుకున్నాను, పైకి చెప్పలేదు. కానీ అద్దం దించగానే తను గ్లవ్స్ తీసేసి తిన్నగా మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. ఇతనికి తల తిరుగుతోంది, డాక్టరు సరేననేదాకా అద్దం ముట్టుకోనివ్వకండి అని నా ఎదురుగానే చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మాటా మాటా పెరిగింది. అనకూడనివి కొన్ని అనేసి ఇంటికొచ్చేశాను.

చెవి లోపల సమతూకం తప్పిందని, అది కుదురుకునేదాకా బరువులు మొయ్యకూడదని డాక్టరమ్మ సర్టిఫికెట్ ఇచ్చింది. మా షాపులో సెలవు సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళినవాడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెస్తేనే లోపలికి రానిస్తారు. సరే, హాయిగా పడుకుందాం అనుకున్నాను. ఆ హాయి మేస్త్రికి ఫోన్ చేసేదాకానే.

నా బదులు నిచ్చెనని పెట్టారట. మనిషి పొడుగు కాబట్టి అందరూ వాణ్ణి అలాగే పిలుస్తారు. నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది. ఆ సొట్ట నాకు మొదట్నుంచీ నచ్చదు.

"నువ్వేం కంగారు పడకు, పని చకచకా సాగుతోంది" అన్నాడు మేస్త్రి. "ఆ అమ్మాయి తన చోటు కూడా వాడికే ఇచ్చేసింది."

ఆ పూట ముద్ద దిగలేదు. నేను కాళ్ళావేళ్ళా పడినా ఇవ్వని చోటు! వాడు అలా వచ్చాడో లేదో ఇలా ఇచ్చేసింది. పక్కమీద ఇటు తిరిగితే ఇల్లు తిరుగుతోంది, అటు తిరిగితే ఆ సొట్ట కనిపిస్తోంది. మాత్రలు తెచ్చిన మా అక్క నా మొహం చూసి, ఇది చెవి జబ్బులా లేదే అంది.

డాక్టరమ్మ ముందు కూర్చుని ఇదంతా చెప్పేశాను. పరదా వెనక పెద్దాయన బరువు మిషను దిగకుండా విన్నాడు.

"కుళ్ళుకి నా దగ్గర మందు లేదు బాబూ" అంది డాక్టరమ్మ, సెలవు పొడిగిస్తూ సర్టిఫికెట్ రాస్తూనే. "చెవికి ఉంది. ఇప్పుడు నేను ఫిట్ అని రాసిస్తే రేపు నువ్వు అద్దం పట్టుకుంటావు. తల తిరిగి వదిలేస్తే ఆ అద్దం ఎవరి మీద పడుతుందో ఒక్కసారైనా ఆలోచించావా?"

ఇన్నాళ్ళూ ఆ చివర నిచ్చెన ఉన్నాడనే ఉడికిపోయాను. నేను వెళ్తే ఆ చివర ఉండేది తనేనన్న సంగతి బుర్రకి ఎక్కలేదు. సిగ్గేసింది.

లేచి వచ్చేస్తుంటే పరదా వెనక నుంచి పెద్దాయన, ఆ సర్టిఫికెట్ ఎవరి చేతా పంపకు, నువ్వే పట్టుకెళ్ళు అన్నాడు.

వర్క్‌షాపు చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. గేటు దగ్గర నిలబడి చూశాను. పెద్ద అద్దం, ఆ చివర నిచ్చెన, ఈ చివర తను. నిచ్చెన చెమటలు కక్కుతూ వెనక్కి నడుస్తున్నాడు. సొట్ట జాడే లేదు. తను దారి చూసుకుంటూ ముందుకి నడుస్తూ, ఎడమ అంటే ఎడమకే జరగాలని వాణ్ణి కసురుతోంది. అయినా నా కడుపుమంట చల్లారలేదు. కసరడం కూడా చనువే కదా.

అద్దం దించి నా దగ్గరికొచ్చింది. "ఫిట్‌నెస్ ఇచ్చారా?"

"లేదు. సెలవు పొడిగించారు."

హమ్మయ్య అని గట్టిగా ఊపిరి వదిలింది. అది నాకు చురుక్కుమంది. "నేను రాకపోతే అంత హాయిగా ఉందా? నేనడిగితే ఇవ్వని చోటు వాడికెందుకిచ్చావ్?"

గ్లవ్స్ తీసి జేబులో పెట్టుకుంది. "మొదటిరోజు నా చోట్లోనే నిలబడ్డాను. వాడు దారి చెప్తున్నాడు, నాకు అడుగు పడలేదు. చూడకుండా వెనక్కి నడవాలంటే ఎదుటి మనిషి మీద నమ్మకం ఉండాలి. వాడి మీద నాకు లేదు. అందుకే వాణ్ణే నడవమన్నాను."

"మరి నా మీద?"

"ఉంది కాబట్టే తెలిసింది. ఆ రోజు నీ కళ్ళు పక్కకి జారిపోయాయి. నా వెనక మెట్టుంటే చెప్పలేదు. కాలితో తడుముకుని దిగాను. నేను పడతానని కాదు, నువ్వు పడిపోతావని భయం వేసింది. మేస్త్రికి చెప్తే నువ్వేమో నన్ను తిట్టి వెళ్ళిపోయావు."

ఇంకేం మిగిలింది నా దగ్గర, నిజం తప్ప. "నాకు కుళ్ళు. వాడంటే కుళ్ళు, వాడి సొట్టంటే కుళ్ళు. డాక్టరమ్మకి కూడా చెప్పేశాను."

"డాక్టరమ్మకి చెప్పావు గానీ నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

"ఇప్పుడు చెప్తున్నాగా. నువ్వంటే నాకిష్టం. నువ్వు ఇంకొకడి మొహం చూస్తూ నడవడం ఇష్టం లేదు."

"అందుకే కదా దారి చూసుకుంటూ నడుస్తున్నాను" అంది. చినుకులు తుడుచుకునే వంకతో మొహం దాచుకుంది గానీ, నవ్వడం నేను చూశాను.

సర్టిఫికెట్ లాక్కుని మేస్త్రికి ఇచ్చొచ్చింది. బస్సు దాకా దింపుతానంది. నేను ఒక్కసారిగా వెనక్కి తిరిగేసరికి గేటు నా కళ్ళ ముందు ఊగింది. తను చటుక్కున నా ముందుకొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. గ్లవ్స్ లేవు, మధ్యలో అద్దమూ లేదు. నా మొహంలోకి చూస్తూ మెల్లగా వెనక్కి అడుగు వేసింది.

"నా వెనక నిచ్చెన చూస్తున్నాడా?" అని అడిగాను.

"చూస్తున్నాడు."

"నువ్వు వాడి వంక చూడకు."

"ముందు దారి చెప్పు."

"ఎడమకి. నీళ్ళున్నాయి." తను ఎడమకి జరిగింది. "మెట్టు" అన్నాను. వెనక్కి తిరిగి చూడకుండా కాలు వేసింది.