ఆవిరి మ్యాపులో ఐజాక్ చేను

"మా చేనుకి ఉన్న నీళ్ళు చాలు అని రాసింది మీరేనా అండీ?"

పాలకొల్లు దగ్గరి కాలువ ఆఫీసులోకి ఐజాక్ దూసుకొచ్చేసరికి దీవెన చేతిలో టీ ఒలికింది. శాటిలైట్ చిత్రాలు చూసి, ఏ చేను నుంచి ఎంత నీరు ఆవిరవుతోందో లెక్కకట్టడం ఆమె ఉద్యోగం. బాగా ఆవిరై చేను చల్లగా కనిపిస్తే తడి ఉన్నట్టు. ఆవిరి తగ్గి వేడెక్కితే చేను దాహంతో ఉన్నట్టు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, కాలువలో వదిలే నీళ్ళలో ముందు వంతు దాహమున్న చేలకే.

"మ్యాపులో మీ చేను నీలంగా ఉందండీ. అంటే తడి ఉంది."

"నేల నెర్రెలిచ్చిందండీ. మీ శాటిలైట్‌కి కళ్ళజోడు పెట్టించండి."

"వేళాకోళం ఆపితే వచ్చి చూస్తాను."

"రండి. నెర్రెల్లో కాలు పడుద్ది, చూసుకోండి."

ఈ వంతు తప్పితే పొట్టకొచ్చిన వరి ఎండిపోతుంది. ఎండితే చేను రొయ్యల చెరువుగా తవ్వించేస్తానని తండ్రి చిట్టియ్య తేల్చేశాడు. ఐజాక్ కంగారంతా అదే.

మర్నాడు గట్టు మీద నిలబడి దీవెన అటూ ఇటూ చూసింది. రెండు పక్కలా చెరువులు తళతళలాడుతున్నాయి.

"ఇవెప్పుడు తవ్వారండీ?"

"నిరుడు."

దీవెన తల పట్టుకుంది. "శాటిలైట్ నేల వేడిని గడులు గడులుగా కొలుస్తుందండీ. ఒక్కో గడీ పెద్దది. మీ చేనూ, చెరువులూ ఒకే గడిలో పడ్డాయి. చెరువుల చల్లదనం మీ చేనుదనుకున్నాను. పాత మ్యాపులో ఇదంతా వరే అని ఉంటే నమ్మేశాను. తప్పు నాదే. తిట్టండి."

"తిట్టాలనే పిలిచానండీ. ఇప్పుడు నోరు రావట్లేదు."

ఆమె చప్పున చూపు తిప్పుకుంది. నవ్వు మాత్రం దాచలేకపోయింది.

గడుల్లోంచి చెరువుల వాటా తీసేసి మళ్ళీ లెక్క కట్టేసరికి, ఐజాక్ చేనుతో సహా కాలువ చివరి శివారు చేలన్నీ మ్యాపులో దాహంతో ఎర్రబడ్డాయి. ఆ మ్యాపు ఇంజనీరు చంద్రరావు గారి ముందు పెట్టింది.

"వంతు మార్చడం తేలికా అమ్మా?"

"కాదు సార్. ఎండిన వరిని పచ్చగా చెయ్యడం అంతకన్నా కష్టం."

ఆయన చేలు చూసొచ్చి, వంతు మార్చారు.

ఆదివారం ఆరాధన ముగిసి జనం బయటికొచ్చేసరికి చేల పక్క పిల్లకాలువ బోదెలో నీళ్ళు పరుగెడుతున్నాయి. బైబిళ్ళు చంకన పెట్టుకుని అందరూ చేలకు ఉరికారు. ఐజాక్ తెల్లచొక్కాతోనే దిగి గండి కొట్టాడు.

"ఇక తవ్వకం మాట ఎత్తనురా!" అని చిట్టియ్య గట్టు మీంచి అరిచాడు.

నీళ్ళు చూడ్డానికి దీవెన కూడా వచ్చింది. ఐజాక్ తల్లి సంపూర్ణమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, మీ అమ్మగారి ఫోన్ నంబరివ్వు. మావాడు నోరు తెరిచేసరికి ఇంకో దాళ్వా అయిపోయేలా ఉంది."

"ఇస్తానండీ. ముందు ఆయన్నే నన్ను అడగమనండి."

ఐజాక్ బురదలో నిలబడి, పెళ్ళి చేసుకుంటారా అని ఊరంతా వినేలా అడిగేశాడు.

"ఊఁ" అంది దీవెన. అంత నీళ్ళ హోరులోనూ అది అతనికి వినబడింది.